నవ్వించు వైద్యుడు

చరకసంహితయందు విమానస్థానమున, వైద్యవిద్య నభ్యసింపవచ్చిన శిష్యునకు గురువు అగ్నిసాక్షిగా గావించు ఉపదేశమొకటి కలదు. అందలి నియమములు పెక్కులు. రోగి యింట నడుగుపెట్టిన వైద్యుడు తన వాక్కును, మనస్సును, బుద్ధిని ఆ రోగియందే నిలుపవలెననియు, ఆ యింట తాను చూచిన, వినిన సంగతులను వెలుపల వెల్లడింపరాదనియు వానిలో నొకటి. రోగి యాయువు తరుగుచున్నదని తెలిసినను, ఆ మాట వలన రోగికి గాని అన్యులకు గాని కీడు కలుగు చోట దానిని పలుకరాదనుట మరియొకటి. ఈ నియమములను చదువునపుడు మన కన్నులయెదుట నిలుచు వైద్యుని రూపము గంభీరమైనది, మితభాషణము గలది. అతడు నవ్వడని కాదు. అతని నవ్వు ఒక కొలతకు లోబడినదని తోచును.

ఇప్పుడు మరియొక రూపమును చూడుడు. పగలెల్ల ఆసుపత్రిలో రోగులను పరీక్షించిన వైద్యుడు సాయంకాలము వేదికపై నొంటరిగా నిలిచి, చేత మైకు పట్టి, గంటసేపు జనులను నవ్వించుచున్నాడు. వేషము లేదు, తెర లేదు, తోడు నటులు లేరు. దీనికి స్టాండప్ కామెడీ యని పేరు. పేరు పాశ్చాత్యమైనను వస్తువు మనకు బొత్తిగా క్రొత్తది కాదు. హరిదాసు కథ నడుమ నాపి చెప్పు పిట్టకథ, పగటివేషగాడు వీధిలో నిలిచి పలుకు చమత్కారము, వరంగల్లు వాస్తవ్యులైన నేరెళ్ల వేణుమాధవుగారు (1932–2018) ఒక్క కంఠముతో పలుమందిని పలికించిన ధ్వన్యనుకరణము - ఇవి యన్నియు దీనికి జ్ఞాతులే. బెంగుళూరున చెవి, ముక్కు, గొంతు వైద్యులైన జగదీశ్ చతుర్వేదిగారు ఈ విద్యయందు పేరుపడినవారు. అమెరికాలో కెన్ జియాంగ్ వైద్యవృత్తినుండి హాస్యనటనకు మరలి ప్రఖ్యాతుడయ్యెను. ఇట్టివారిలో ఒక తెగవారు బూతుమాటను దరిజేరనీయక, గడచిన కాలపు ముచ్చటలతోనే సభను నడుపుదురు. వీధి కంతకు నొక్కటే రేడియో యున్న దినములు, పోస్టుకార్డుపై చోటు చాలక అంచుల వెంబడి త్రిప్పి వ్రాసిన క్షేమసమాచారములు, వేసవి సెలవులలో తాతగారింట పదునైదుగురు పిల్లలకు నొక్క విసనకఱ్ఱ, కాంపౌండరు ఎఱ్ఱని మందునీళ్ల సీసాకు మోతాదు తెలియుటకై కత్తిరించి యంటించిన కాగితపు పట్టీ - తాతయు మనుమరాలును ప్రక్కప్రక్కల కూర్చుండి వినదగిన హాస్యము.

ఇది వైద్యునకు తగునా యనుట ప్రశ్న.

పెద్దలు చేయు ఆక్షేపణములలో మొదటిది గౌరవమును గూర్చినది. వైద్యుని దైవముతో సమానముగ నెంచు దేశమున, ఆతడు వేదికనెక్కి మొగము వికారముగ పెట్టినచో రోగికి విశ్వాసము సడలునని వారందురు. ఈ యాక్షేపణలో బలము తక్కువ. కనుబొమలు ముడిచినంతమాత్రమున చికిత్స గొప్పది కాదు. గాంభీర్యమును తమ యజ్ఞానమునకు ముసుగుగ వేసికొనిన వైద్యులను మన యూళ్లు చాలమందిని చూచినవి. రెండవ యాక్షేపణ మాత్రము తేలికగ త్రోసివేయదగినది కాదు. హాస్యగానికి ముడిసరకు మనుష్యుల బలహీనత. వైద్యునకు ప్రతిదినము కోరకయే లభించునదియు నదియే. ప్రాణభయముతో నున్నవాని తడబాటు మాటలు, పరీక్షగదిలో భార్యాభర్తల నడుమ రేగు చిన్న కలహములు, మూత్రపరీక్షకు చిన్న సీసా తెమ్మన్నచో ముదుసలి కొంగుచాటున మోసికొనివచ్చిన చెంబు - ఇవి యెట్టివానినైనను నవ్వింపగలవు. కాని యివి వైద్యుని సొత్తు కావు. రోగులు నమ్మి యప్పగించినవి. నమ్మి దాచియుంచిన సొమ్మును అంగడిలో పెట్టవచ్చునా? పేరు చెప్పనంతమాత్రమున దోషము తీరునా?

పెద్ద నగరములలో ఈ ప్రశ్న జనసమ్మర్దమున మఱుగుపడవచ్చును. చిన్న దీవిలో మఱుగుపడదు. అండమాను నికోబారు దీవులనే తీసికొందము. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ ప్రాంతమంతటను కలిపి నాలుగు లక్షలకు లోపుగనే జనులున్నారు. వారిలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. ఉత్తరాంధ్ర తీరమునుండి వలలతో, పిల్లలతో తరలిపోయిన మత్స్యకారులు, కూలిపనికి, కొలువులకు, వర్తకమునకు పోయినవారు. ఓడమీద రెండు మూడు దినముల దూరమునకు పోయి స్థిరపడిన యట్టి చిన్న సమాజమున ఒక వైద్యుడు వేదికపై నిలిచి, ఒక ముసలి జాలరి తన గదికి వచ్చి యేమన్నాడో చెప్పినచో, పేరు చెప్పనక్కరలేదు; మూడవ వరుసలో కూర్చున్నవాడు పేరును, వీధిని, పడవ రంగును గూడ చెప్పును. ఆ జాలరి మనుమడు అదే సభలో కూర్చుండియుండును.

ఆ దీవులనే తలచుటకు మరియొక కారణము కలదు. 1896లో ఆరంభింపబడి 1906లో ముగిసిన సెల్యులర్ జైలు ఏడు రెక్కల కట్టడము. ఒక్కొక్క ఖైదీకి నొక్కొక్క గది. ఒకని మొగ మొకనికి కనబడకుండుటయే ఆ నిర్మాణమున ముఖ్యోద్దేశము. మనుష్యునినుండి మనుష్యుని వేరుచేయుటకంటె పెద్ద శిక్ష లేదని ఆ కట్టడమును తలపెట్టినవారెఱుగుదురు. ఒంటరివాడు ఏడ్వగలడు, నవ్వజాలడు. నవ్వునకు రెండవవాడు కావలెను. నేడా రెక్కలలో మూడు మాత్రమే మిగిలినవి. ఆ జైలు ఆవరణముననే 1963లో ఒక ఆసుపత్రి వెలసినది. గోవిందవల్లభ పంతుగారి పేరు దానికున్నది. ఊరి పేరుగూడ 2024లో పోర్టుబ్లెయిరనుటనుండి శ్రీవిజయపురముగ మార్చబడినది. శిక్షకొరకు ఏర్పడిన నేలపై చికిత్స జరుగుచున్నది. అచ్చట ఒక రోగి నవ్వినచో ఆ నవ్వు సామాన్యమైనది కాదని నాకు తోచును.

ఆ దీవులలోనే వైద్యుడును కళాకారుడునైన మహనీయుడొక డుండెను. డాక్టరు దీవాన్ సింగ్ 1927లో సర్కారు వైద్యుడుగ అండమానునకు వచ్చెను. పంజాబీ భాషలో ఛందస్సు కట్టుబాట్లు లేని కవిత్వము వ్రాసెను. 1938లో ఆయన కవితాసంపుటము ప్రకటింపబడెను. 'కాలేపానీ' యను ద్వీపాంతరవాసపు పేరునే తన పేరునకు తగిలించుకొనెను. 1942లో జపానువారు ఆ దీవుల నాక్రమించిరి. తరువాత ఆయనను బంధించి, ఆ సెల్యులర్ జైలులోనే చిత్రహింసలపాలు చేసిరి. 1944 జనవరి 14వ తేదీన ఆయన ప్రాణములు విడిచెను. ఆయన హాస్యగాడు కాడు. ఆయన కథ నవ్వులాటకు సంబంధించినదియు కాదు. దీనినిచ్చట చెప్పుట యెందుకనగా, వైద్యుడు పగలు రోగుల నాడిని చూచి రాత్రి కలము పట్టినంతమాత్రమున వృత్తికి ద్రోహము చేసినట్లు కాదని ఆ జీవితము చూపుచున్నది. పీడితులకు చికిత్స చేసిన హృదయమే కవిత్వము చెప్పినది. రెండును ఒక్క చెలమలోని నీరే. ఇక హాస్యమున కా చెలమలో తావు కలదా యనునదే తేలవలసియున్నది.

గతస్మృతి మాట యెత్తితిమి. దీనిని పాశ్చాత్యులు నాస్టాల్జియా యందురు. నేడిది తీయని పదము. పుట్టినపుడు మాత్రము రోగము పేరు. 1688లో బేసెలు నగరమున యోహనెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి తన సిద్ధాంతవ్యాసమున ఈ పదమును కల్పించెను. గ్రీకుభాషలో ఇల్లు చేరుట యనియు, వేదన యనియు అర్థమిచ్చు రెండు మాటలను కలిపి చేసిన సమాసమిది. పరదేశముల నున్న స్విస్ జనులు ఇంటిపై బెంగతో కృశించుటను అతడు వ్యాధిగ వర్ణించెను. వారిని స్వదేశమునకు పంపుటయే దానికి నిశ్చయమైన మందని ఆనాటి వైద్యుల తలంపు. మనకు బెంగ యను చక్కని మాట యున్నది. బెంగపెట్టుకొని జ్వరము తెచ్చుకొనిన కోడలిని, హాస్టలులో చేరిన కుఱ్ఱవానిని మనమెఱుగుదుము. కావున గడచిన కాలమును తలపించి నవ్వించు వైద్యుడు ఒక విధముగ తన వృత్తిలోని పాతరోగమునకే చికిత్స చేయుచున్నాడు. అండమానులోని ముదుసలి తెలుగువానిని తిరిగి సోంపేటకో భీమునిపట్టణమునకో పంపుట వైద్యునకు సాధ్యము కాదు. పంపినను వాడు విడిచివచ్చిన ఊరు అచ్చట లేదు. ఒక గంటసేపు ఆ యూరినే వాని యొద్దకు తెచ్చుట మాత్రము సాధ్యము.

కాని యీ మందునకు విషగుణమును కలదు. ఆ దినములే వేరు, అప్పటి మనుష్యులే వేరు, ఇప్పుడంతయు చెడిపోయినదను పాటను వేదికపై పాడుట సులభము. చప్పట్లు మెండుగ లభించును. ఇతరులు పాడిన పాడుదురు గాక. వైద్యుడు పాడినచో అసత్యదోషము తగులును. ఏలయన, ఆ దినములెట్టివో అతని గ్రంథములే చెప్పుచున్నవి. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి భారతీయుని సగటు ఆయువు సుమారు 32 ఏండ్లు. నేడది డెబ్బదికి చేరువలో నున్నది. మశూచి యీ దేశమును విడిచినది 1975లో. తాతగారింట పదునైదుగురు పిల్లలు విసనకఱ్ఱకై పోట్లాడిరని చెప్పి నవ్వించుట బాగుగనే యున్నది; వారితోబాటు పుట్టి, ఆ విసనకఱ్ఱ వంతు వచ్చువరకు బ్రదుకక పోయిన పిల్లల మాట తాతమ్మ యెన్నడు నెత్తలేదు. దానిని వేదికపై చెప్పుమని నేననుట లేదు. చెప్పువాని మనస్సులో అది యుండవలెను. అది లోపల నున్నచో అతడు పాతకాలమును పొగడుటకు మారుగ ప్రేమించును. పొగడ్తకు వర్తమానముపై ద్వేషము కావలసివచ్చును. ప్రేమ కది యక్కరలేదు. మందునీళ్ల సీసాకు అంటించిన కాగితపు పట్టీని తలచి నవ్వుటలో ఆ కాంపౌండరుపై జాలి, అతని యోర్పుపై గౌరవము, ఆ మందుతో నెందఱికి తగ్గలేదోయను చింత - అన్నియు నిమిడియుండును.

హాస్యమునకు 'శుద్ధము' అను విశేషణమును గూడ కొంచెము పరీక్షింపవలెను. అశ్లీలము లేనిదెల్ల శుద్ధమని లోకమనుకొనుచున్నది. ఇది చాలదు. మయసభలో దుర్యోధనుడు నేలయని భ్రమించి నీటిలో పడెను. అంతకంటె నిరపాయమైన హాస్యవస్తువు మరేమి కలదు? బూతు లేదు, తిట్టు లేదు; తడిసిన బట్టలతో లేచిన రాజు. ఆ నవ్వు ఎంతదూరము పోయినదో భారతము చదివినవారికి చెప్పనక్కరలేదు. లోకమా నింద నంతయు ద్రౌపదిపై మోపును గాని, వ్యాసభారతమున నవ్వినట్లు కథకుడు చెప్పినది భీమాదులను. ద్రౌపదియు నవ్వినదని తండ్రితో చెప్పుకొనినవాడు దుర్యోధనుడు. అవమానపడినవాని చెవికి ఎవరి నవ్వు వినబడునో ఎవరు చెప్పగలరు! మాట నిర్మలమైనంతమాత్రమున నవ్వు నిర్మలము కాదనుట కిది చాలును. ఎవరు పడినపుడు ఎవరు నవ్విరి, పడినవానికి లేచి తానును నవ్వుటకు తెఱపి యిచ్చిరా లేదా యను దానినిబట్టి శుద్ధాశుద్ధములను నిర్ణయింపవలెను.

భరతముని యీ విషయమున ఎంత సూక్ష్మముగ చూచెనో గమనింపుడు. హాస్యరసమును ఆత్మస్థమనియు పరస్థమనియు రెండుగ విభజించెను. తాను నవ్వుట మొదటిది, ఇతరులను నవ్వించుట రెండవది. నవ్వు తెఱగులను స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని యాఱుగ లెక్కించి, మొదటి రెంటిని ఉత్తములకు, నడిమి రెంటిని మధ్యములకు, తుది రెంటిని అధములకు చెప్పెను. కంట నీరు గాఱ, ప్రక్కలు పట్టుకొని నవ్వుట అతిహసితమట. ఈ లెక్కన నేటి సభలలో ఉత్తములు కనబడుట కష్టమే! ఆ కొలతను నేను సభ్యులకు పట్టించుటకు ఉత్సాహపడను. పొట్ట చెక్కలగునట్లు నవ్విన ఉత్తములను నేనెఱుగుదును. కాని అపహసితమునకు ముని చెప్పిన లక్షణమొకటి విడువదగినది కాదు: తగని చోట నవ్వుట. నవ్వునకు చోటు కలదని, చోటు తప్పిన నవ్వు నవ్వు కాదని ఆయన తాత్పర్యము. వైద్యుడికి ఈ చోటెఱుగు విద్య తక్కినవారికంటె నెక్కువగ కావలెను. పరీక్షగది ఒక చోటు, వేదిక మరియొక చోటు. మొదటిదానిలో దొరికినది రెండవదానికి చేరుటకు నడుమ ద్వారమేదియు నుండరాదు.

మన తెలుగునాట వైద్యము, హాస్యము ఒక్క మనుష్యునియందు కలిసిన ఉదాహరణము దూరమున లేదు. పాలకొల్లులో 1922 అక్టోబరు 1వ తేదీన జన్మించి, 2004 జూలై 31వ తేదీన గతించిన అల్లు రామలింగయ్యగారిని హాస్యనటులుగ నెఱుగని తెలుగువాడు లేడు. ఆయన హోమియోపతి వైద్యులనుట అందఱెఱుగరు. రాజమహేంద్రవరమునందలి ప్రభుత్వ హోమియో వైద్యకళాశాల నేడు ఆయన పేరుతోనే యున్నది. (ఆ వైద్యపద్ధతి గుణదోషములను గూర్చి శాస్త్రజ్ఞులలో వివాదము కలదు, అది మన విచారణకు చెందినది కాదు.) ఆయన తొలి చిత్రము 1953 నాటి 'పుట్టిల్లు'. దాని దర్శకుడు గరికపాటి రాజారావుగారు (1915–1963). ప్రజానాట్యమండలిని నిలిపినవారిలో ముఖ్యుడు, వృత్తిచేత వైద్యుడు. ఒక వైద్యుడు తెరపైకి తెచ్చిన నటుడు తానును వైద్యుడుగ పేరొందుట ఒక వింత. వేయికి పైగా చిత్రములలో రామలింగయ్యగారు నటించిరి. 1990లో పద్మశ్రీ బిరుదము వచ్చినది.

ఆ వేయి చిత్రములలోని హాస్యమంతయు ఒక్కతీరు నిర్మలమని చెప్పుట అతిశయోక్తి యగును. కాని ఆయన హాస్యము దేనిపై నిలిచినదో చూడుడు. 1957 నాటి 'మాయాబజారు'లో కౌరవులవెంట వచ్చిన శర్మశాస్త్రుల జంటలో నొకడుగ, మాయాతల్పముల మీద, కంబళ్ల మీద పడుచు లేచుచు ఆయన పడిన పాట్లు మూడు తరములవారిని నవ్వించినవి. అక్కడ నవ్వునకు గుఱియైనది శరీరమునకు సుఖము కోరుటలో మనుష్యుడు చూపు ఆరాటము, దొరలయెదుట తన గొప్ప చెప్పుకొనుట. పిసినారి, చాడీలకోరు, తనకంటె గొప్పవాని యెదుట వంగి తనకంటె తక్కువవాని యెదుట నిక్కువాడు - ఇట్టివారి వేషములే ఆయనకెక్కువగ లభించినవి. ఆ వేషములలో ఆయన నవ్వులపాలు చేసికొనినది తన మొగమును, తన కంఠమును, తన నడకను. 1980లో వచ్చిన 'శంకరాభరణము'లో శంకరశాస్త్రికి స్నేహితుడైన ప్లీడరు వేషము మరియొక తీరుది. పండితుడైన మిత్రుడు లోకమునకు దూరమై క్రుంగుచుండగ, చమత్కారమును విడువక ప్రక్కన నిలిచిన స్నేహితుడతడు. రోగి ప్రక్కన కూర్చుండవలసిన విధమును నేర్పదలచిన గురువు ఆ పాత్రను శిష్యులకు చూపవచ్చును.

ఆయనకు ముందుతరమువాడైన డాక్టరు గోవిందరాజుల సుబ్బారావుగారిని గూడ తలపవలెను. ఆయనయు వైద్యుడు. 1955 నాటి 'కన్యాశుల్కము' చిత్రమున లుబ్ధావధానులుగ ఆయన చూపిన నటన చిరస్మరణీయము. గురజాడవారి యా నాటకము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయినది. ధనమిచ్చి పసిపిల్లను పెండ్లియాడబోవు ముదుసలి అందలి హాస్యమునకు లక్ష్యము. పసిపిల్లను తల్లిగ జేసిన ఆచారపు ఫలములను ప్రసూతిగదిలో వైద్యుడు చూచినంత దగ్గరగ మరెవ్వరు చూడజాలరు. అట్టి వైద్యకులమునకు చెందినవాడే ఆ ముసలివాని తహతహను, పిసినారితనమును తన మేన ధరించి జనులచే నవ్వించెను. ఇచ్చట నవ్వు చికిత్సలో కత్తి పని చేసినది. అది కోసినది ఒక దురాచారమును. ఏ యొక్క రోగి గుట్టును కాదు.

నవ్వు నిజముగ రోగమును మాన్పునా యని కొంద ఱడుగుదురు. ఇచ్చట వైద్యహాస్యకుడు మిక్కిలి జాగరూకుడై యుండవలెను. నార్మన్ కజిన్సను అమెరికా పత్రికాసంపాదకుడు 1964లో కీళ్లను, వెన్నును బిగించు వ్యాధికి లోనై, హాస్యచిత్రములను చూచి నవ్వుటచే నొప్పి తగ్గి నిదురపట్టినదని తన యనుభవమును 1976లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటించెను. అది యొక్కని యనుభవము; సిద్ధాంతము కాదు. 1995లో బొంబాయి నగరమున డాక్టరు మదన్ కటారియాగారు ఐదుగురితో ఆరంభించిన నవ్వుల సంఘము లోకమంతయు ప్రాకినది. 2011లో ఆక్సుఫర్డునందు రాబిన్ డన్‌బర్ మొదలగు పరిశోధకులు, కలిసి నవ్వినవారికి పిమ్మట నొప్పిని సహించు శక్తి కొంత హెచ్చినదని కనుగొనిరి. ఇంతవరకు చెప్పవచ్చును. అంతకుమించి, నవ్విన మధుమేహము పోవునని, మాత్రలక్కరలేదని వేదికపై నొక్క మాట పరిహాసమునకైన జారినచో, విన్నవారిలో ఒకడు దానిని వైద్యుని యానతిగ నింటికి గొనిపోవును. తక్కిన హాస్యగానికి లేని బరువు వీనికున్నది: ఇతని పరిహాసమునకు వెనుక వైద్యపట్టము నిలిచియుండును. మాత్రలు మ్రింగుటకు బద్ధకించు రోగిని ఎక్కిరించుట తప్పు గాదు. మాత్రలనే ఎక్కిరించుట తప్పు.

ఇక మిగిలినది మొదటి ప్రశ్న. రోగుల సంగతులు నిషిద్ధములైనచో వైద్యుడు దేనిని జెప్పి నవ్వించును? నిషేధమును తిన్నగ పాటించినవానికి మిగులునది చాల మెండుగ నున్నది: తానే. తొలిసారి శవచ్ఛేదశాలలో కన్నులు తిరిగి పడిపోయిన తాను. ఎవరికి నర్థము గాని తన దస్తూరి. ఇరువది యేండ్లు చదివి, ఇంట తల్లికి పడిశము పట్టిన, ప్రక్కింటి పిన్నిగారి మిరియాల కషాయముముందు ఓడిపోయిన తన విద్య. పెద్దవైద్యుని వెంట వార్డులో నడచుచు, అర్థము గాకున్నను తల యూపిన తన వినయము. ఇట్లు చెప్పుట పైకి సులభముగ కనబడును గాని లోపల గొప్ప కష్టము కలదు. ఆసుపత్రిలో పదిమంది లేచి నిలుచు మనుష్యుడు వేదికపై తనను తాను చిన్నజేసికొనవలెను. తన యహంకారమును కొంతదూరమునుండి సాక్షివలె చూచినవానికే యది హాస్యాస్పదముగ కనబడును. చూడనివాడు తనపై నవ్వుకొనుచున్నట్లు నటించి, లోలోపల ఎంత వినయవంతుడనని మురియును. శ్రోతలు దీనిని పసిగట్టుదురు.

ఒక పరీక్షను సూచింతును. సభ జరిగిన మఱునాడు ఉదయమున ఒక ముదుసలి రోగి వచ్చి, వైద్యునియెదుట బల్లపై కూర్చుండి, కొంచెము తటపటాయించి, "అయ్యా, రాత్రి మీరు చెప్పినది నన్ను గూర్చియా?" యని యడిగెననుకొందము. వెంటనే, తడుముకొనక, కాదని సత్యముగ చెప్పగలిగిన వైద్యునకు చరకుని నియమము భంగము కాలేదు. కొందరు చిరునామా మార్చి, వ్యాధి మార్చి, స్త్రీని పురుషునిగ జేసి చెప్పి సరిపుచ్చుకొందురు. నూరుమందినుండి నూరు పోగులు తీసి నేసిన బట్టను ఎవరును తమదని చెప్పజాలరన్నది వారి వాదము. ఇందులో కొంత న్యాయము లేకపోలేదు. కథకులందఱు చేయు పని యదియే. కాని వైద్యునకు నూలు దొరికిన చోటు వేఱు. నా మనస్సు ఆ వాదము నంగీకరింపలేదు. దీవిలో నైతే మొదలే యంగీకరింపదు.

చరకుడే మరియొక చోట వైద్యుని నడవడిని నాలుగుగ చెప్పెను: అందఱియెడ మైత్రి, బాధపడువారియెడ కరుణ, సాధ్యమైన వ్యాధి గలవారియెడ ప్రీతి, మరణము సమీపించినవారియెడ ఉపేక్ష. ఉపేక్ష యనగా నిర్లక్ష్యమని నేటి భాషలో అర్థము మారినది గాని, అచ్చట దాని యర్థము కలత చెందని సమభావము. ఈ నాల్గవదియే మిక్కిలి కష్టము. రాత్రి విధులలో నున్న కుఱ్ఱవైద్యులు తమలో తాము ఆడుకొను కటువైన పరిహాసములను వినినవారికి, ఆ సమభావము లభింపనప్పుడు మనుష్యుడు నవ్వును డాలుగ పట్టుకొనునని తెలియును. వారిని నిందింపను. అది గాయమునకు కట్టిన కట్టు. బజారులో విప్పి చూపదగినది కాదు.

వేదికనెక్కు వైద్యునకు ఎప్పుడో యొకనాడు ఇట్టి సాయంకాలము వచ్చి తీరును: మధ్యాహ్నము తన చేతులలో నొక పసివాడు పోయినాడు; ఆఱు గంటలకు సభ; టిక్కెట్లన్నియు అమ్ముడుపోయినవి. పోవలెనా, మానవలెనా? మూడువందలమంది ఎదురు చూచుచున్నారు; వారిలో ఎవరి యింట నేమి దుఃఖమున్నదో, ఈ గంటసేపటి నవ్వుకొరకు ఎన్ని దినములు వేచిరో యెవరికి తెలియును? నటుడు తండ్రి శవమును వాకిట నుంచి వేషము కట్టెనని చెప్పు కథలు మనకు కలవు. వానిని మెచ్చుకొనుటకు మనమలవాటు పడితిమి. కాని నటునికి ఒక్క ధర్మమే. ఇతనికి రెండు. దుఃఖమును మోయుచునే పోయి నవ్వింపగలిగినచో పోవచ్చును. అట్టి సమభావము గలవారు కలరు. దుఃఖమును మఱచుటకై పోవుచున్నానని తనకే తెలిసినచో, ఆ రాత్రి అతడుండవలసిన చోటు వేదిక కాదు. ఆసుపత్రి వసారాలో, ఇంటికి పోవుటకు కాళ్లు రాక కూర్చున్న ఆ తలిదండ్రుల చెంత. టిక్కెట్ల సొమ్ము తిరిగి యిచ్చివేయవచ్చును.